తొంభై నాలుగు మార్కుల వెల్డరు

మా ఆయన ముప్పై ఏళ్ళుగా వెల్డరు. అదే వర్క్‌షాపు క్యాంటీన్‌లో టీ కాచేది నేను. ఆయన పెట్టిన అతుకు ఊడిందని ఎవరూ అనగా వినలేదు. అలాంటి మనిషి కళ్ళకు ఫోర్‌మన్ ఒక పెట్టె కట్టి, లేని ఇనుమును లేని మంటతో అతికించమన్నాడు. వీఆర్ హెడ్‌సెట్ అట. నెలలోగా తొంభై మార్కులు రాకపోతే గోడౌన్‌లో కాపలా. మొదటి రోజు నలభై ఒకటి వచ్చాయి. ముప్పై ఏళ్ళ చేతికి నలభై ఒకటా అని నాకు ఒళ్ళు మండిపోయింది.

"చప్పుడు సరిగ్గా లేదే. మంట చప్పుడు వినే కదా చెయ్యి నడిచేది," అన్నారాయన.

పరువు పోతుందని పట్టుబట్టారు. రెండో వారానికల్లా ఆ పెట్టె రుచి మరిగారు. డ్యూటీ దిగాక రెండు గంటలు అందులోనే. టీ పట్టుకెళ్ళి పక్కన నిలబడి పిలిస్తే పలకరు. భుజం పట్టి కుదిపితే, "ఇప్పుడే కదే పెట్టుకున్నాను," అంటారు. ఆపాటికి టీ మీద మీగడ కట్టి ఉంటుంది. ఒకరోజు కాలు తిమ్మిరెక్కి పడబోయారు కూడా. అందులో అంత సుఖం ఏముందో గాని, నా వంట తిన్నప్పుడు కూడా ఆ మొహం నేను చూడలేదు.

నెలాఖరుకు తొంభై నాలుగు. షాపు మొత్తం మీద అదే ఎక్కువ. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు.

సోమవారం నిజమైన ఇనుప గేటు పనికి దిగారు. వెల్డర్లకు చేతులు ఖాళీగా ఉండవు గనక, మంట రాజేసే ముందు గంగిరెద్దులా తల ఒక్క ఊపు ఊపి నెత్తి మీది నల్లద్దం మాస్కు మొహం మీదికి దించుకుంటారు. పెట్టెలో ఆ ఊపుతో పని లేదు, అది ఎప్పుడూ మొహానికి కట్టే ఉంటుంది. ఈయన తల ఊపలేదు. మూడు చోట్ల అతికించేదాకా ఆ సంగతే తెలియలేదు. పక్కవాడు చూసి చెయ్యి లాగాడు.

సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట. డాక్టరు మందు వేసి, రెండు రోజులు విప్పొద్దని కట్టు కట్టాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఫోర్‌మన్ ఫోన్ చేశాడు. "మార్కులకేం వదినా, బ్రహ్మాండం. కానీ మాస్కు మరిచిన మనిషిని మంట దగ్గరికి ఎలా పంపను? అన్నయ్యని ఇక గోడౌన్‌లో కూర్చోమనండి."

ఆ పెట్టె తెచ్చి కట్టింది మీరు కాదా అని కడిగిపారేశాను. ఫోన్ పెట్టేశాక, ఆ మాట ఈయనకు ఎలా చెప్పాలో తెలియకుండానే గదిలోకి వెళ్ళాను. కళ్ళకు కట్టుతో మంచం మీద కూర్చుని, కుడిచేతిని గాలిలో మెల్లగా నడిపిస్తున్నారు.

"ఏమండీ, ఫోర్‌మన్ ఫోన్ చేశాడు," అన్నాను.

"కాసేపాగవే. అతుకు సగంలో ఉంది," అన్నారు.