చూడకుండా ఇచ్చే చెయ్యి

భూపాలపల్లి గని కార్మికుల క్వార్టర్లలో మాన్‌సింగ్‌ను ఎరగనివాళ్లు లేరు. గనుల బాస్కెట్‌బాల్ జట్టుకు ఇరవై రెండేళ్లు గార్డుగా ఆడాడు. కుడివైపు చూస్తూ ఎడమవైపున్న ఆటగాడికి బంతి అందించడం అతని విద్య. అది చూడ్డానికే జనం బస్సులెక్కి వచ్చేవారు. ఆట మానినా ఆ విద్య మానలేదు. వంకర్లు పోయిన వేళ్లతో సంతలో వంకాయలు ఏరుకుని, మోకాళ్లు కొంచెం వంచి, ఎవరికీ తగలకుండా జనంలోంచి దూసుకొస్తాడు. ఇంట్లో అడుగుపెడుతూనే గోడమీది క్యాలెండర్ వైపు చూస్తూ సంచిని వంటింట్లోకి విసురుతాడు. తువ్వాలైనా తాళాలైనా అంతే. భార్య సక్రి ఒక చేత్తో జొన్నరొట్టె తిప్పుతూ రెండో చేత్తో పట్టుకుంటుంది.

మొన్న పదవీ విరమణ సభలో శాలువా కప్పి, గాజు జ్ఞాపిక చేతిలో పెట్టారు. చేతికొచ్చినదాన్ని రెండు క్షణాలకు మించి ఉంచుకునే అలవాటు అతనికి లేదు. చప్పట్లు మోగగానే ముఖ్య అతిథి వైపు చూస్తూ జ్ఞాపికను ఎడమవైపు విసిరేశాడు. అతిథి తల కిందికి వంచేశాడు. ముందు వరుసలో పక్కావిడతో మాట్లాడుతున్న సక్రి, మాట ఆపకుండానే ఒంటిచేత్తో దాన్ని అందుకుంది.

"నువ్వు గూడ ఆడినవా ఏందమ్మా?" అన్నాడు తేరుకున్న అతిథి.

"ముప్పై ఏండ్ల సంది ఆడుతనే ఉన్న సారూ. నా దిక్కు సూడకుండనే ఇసురుతడు. ఒక్కటి గూడ కింద పడనియ్యలే."

సభ గొల్లున నవ్వింది. మాన్‌సింగ్ మెల్లగా వేదిక దిగి, శాలువా తీసి, సక్రి కళ్లలోకి చూస్తూ ఆమె చేతికిచ్చాడు.

శాలువా కింద పడింది.