అమావాస్య నాడు మగ్గానికి కట్టిన వాచ్

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే మధ్యలోనే నవ్వేసే మనిషిని నేను. హిందూపురంలో ఒక బడిలో వ్యాయామం టీచర్‌ని. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, ఒళ్లు ఎంత కష్టపడుతోంది, ఇలాంటివి చూసి నమ్మే రకం. అలాంటి నాకే ఇది జరిగింది. చెబుతుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. పోయిన ఏడాది ఆయన గుండెకు స్టెంట్ వేశారు. శ్రమ మితంగా ఉంటేనే నేయాలని, మించితే మగ్గం మానేయాల్సిందేనని డాక్టరమ్మ తేల్చేశారు. మగ్గం లేని నాయనను నేను ఊహించుకోలేకపోయాను. ఒక స్మార్ట్ వాచ్ కొని ఆయన చేతికి కట్టాను. శ్రమ మితంగా ఉంటే ఆకుపచ్చ గీత, మించితే ఎర్ర గీత. అమ్మ ఫోను ద్వారా నా ఫోనులోనూ కనిపిస్తుంది.

నాయనకు నిదానమంటే తెలియదు. రోజూ ఎరుపే. డాక్టరమ్మ ఇంకొక్క వారం చూస్తానన్నారు.

ఆ వారంలోనే అమావాస్య వచ్చింది. ఆ రోజు మావాళ్లు నేయరు. మగ్గం తుడిచి, పోగును అటూ ఇటూ నడిపే నాడెకు బొట్టు పెట్టి, దండం పెట్టుకుంటారు. పొద్దున బడి మైదానంలో ఉండి ఫోను చూశాను. గీత కదులుతోంది! కాసేపు లేస్తుంది, ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. అచ్చం నేతే. నాకు ఒళ్లు మండిపోయి అమ్మకు ఫోను చేశాను.

"మీ నాయన నా ముందరే కూచోని చెనిక్కాయలు వలుస్తాండాడు మే," అంది అమ్మ.

"మరి వాచ్ యాడుండాది?"

"మగ్గానికి కట్టినాడు. నాడెకు బొట్టు పెట్టి, దానికీ పెట్టినాడు. అదీ పనిముట్టే కదా, ఈ పొద్దు దానికీ సెలవంట."

నవ్వాల్సిన మాటే, నవ్వు రాలేదు. అమ్మ మగ్గం గదిలోకి వెళ్లి చూసింది. ఎవరూ లేరు, మగ్గం కదలడం లేదు. నా ఫోనులో మాత్రం గీత నడుస్తూనే ఉంది.

బడిలో చెప్పేసి బస్సెక్కాను. పెనుకొండ దాటినా అది ఆగలేదు. భయం కంటే ఆత్రం ఎక్కువైంది, ఫోను మీద నుంచి కళ్లు తీయలేకపోయాను. ధర్మవరంలో దిగేసరికి ఆగిపోయింది. మొత్తం గీతలో ఎక్కడా ఎరుపు లేదు.

నాయన ఆ గీతను చాలాసేపు చూశాడు.

"ఇది మా అమ్మ నేత మ్మా," అన్నాడు. "ఉబ్బసం మనిషి. నాలుగు పోగులేసి ఊపిరి తీసుకునేది. నేను ఎగతాళి చేస్తాంటి."

ఆ అవ్వను నేను చూడలేదు. మగ్గం మాత్రం ఆమెదే.

నేను అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. వాచ్‌ను మళ్లీ మగ్గానికి కట్టి చూశాను, గుడ్డకు చుట్టి చూశాను. ఏమీ రాలేదు. బాగుచేసే అంగడిలో చూపిస్తే లోపమేమీ లేదన్నారు.

మరునాడు నాయన వాచ్ చేతికి కట్టుకుని మగ్గంలో కూర్చున్నాడు. నాలుగు పోగులు, ఒక ఊపిరి. మళ్లీ నాలుగు పోగులు. నేను పక్కనే నిలబడి ఫోను చూస్తున్నాను. ఆకుపచ్చ! ఎంతసేపు చూసినా ఆకుపచ్చే! చిన్నపిల్లలా అరిచేశాను.

వారం చివర డాక్టరమ్మ చూసి ఆశ్చర్యపోయారు. "ఇట్లయితే నిశ్చింతగా నేసుకోండి. ఎవరు నేర్పించినారు?"

"మా అమ్మ," అన్నాడు నాయన.

"మంచిది. ఆమె చెప్పినట్టే వినండి," అన్నారావిడ.

ఆ గీత ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. దాన్ని ఫోనులోంచి తీసేయలేదు. మా ఇంట్లో అవ్వ ఫోటో ఒక్కటి కూడా లేదు. ఇదే ఉంది.