వరద తీసేటప్పుడు

వరద వస్తే ఒస్వల్దీన బెదరదు. నిట్రాళ్ల మీది ఇల్లు. నీళ్లు పెరిగితే నేలపలకలు ఇంకాస్త ఎత్తి వేసుకుంటుంది, అంతే. సొలిమోయిస్ నదిలో వరద తీసేటప్పుడే ఆమెకు గుండె దడ. నెలల తరబడి నానిన గట్టుకు అప్పటిదాకా నీళ్లే ఊత. నీరు దిగిందంటే ఆ ఊత పోతుంది. గట్టు నిలువునా చీలి కూలుతుంది.

ఆ ఉదయం వంటింటి వెనక ఊడుస్తుంటే నేలలో బీట కనిపించింది. దాని మీద అడ్డంగా ఒక పుల్ల పెట్టింది. మధ్యాహ్నానికి పుల్ల లోపలికి జారిపోయింది.

"కింద పెద్దపాము ఒళ్లు విరుచుకుంటోంది వదినా," అంది పక్కింటి జుల్మీరా, శిలువ గుర్తు వేసుకుంటూ.

పామును నమ్మితే ఒక సుఖం ఉంది, దండం పెట్టి కూర్చోవచ్చు. ఒస్వల్దీనకు కూర్చునే తీరిక లేదు. ఇల్లు విప్పి గట్టు నుంచి వెనక్కి జరపాలి. అందుకు పుషిరుం పిలవాలి, అంటే ఊరంతా వచ్చి ఒక ఇంటి పని చేసిపెట్టడం. వచ్చినవాళ్లందరికీ కడుపునిండా చేప పెట్టాలి. మొగుడు ఫిర్మీనో చేపలవేటకు పోయి ఇంకా రాలేదు. ఇంట్లో కర్రపెండలం పిండి తప్ప ఏమీ లేదు. ఖాళీ కుండతో పిలవడమంటే ఆ ఒడ్డున తలవంపులే. అందుకని కాళ్ల కింద నేల చీలుతుంటే ఆమె మొగుడి పడవ కోసం ఏటి మలుపు వైపు చూస్తూ నిలబడింది.

ఫిరంగి పేలినట్టు చప్పుడైంది. బట్టలుతికే బల్ల, బొప్పాయి చెట్టు కళ్లముందే మాయమయ్యాయి.

ఒస్వల్దీన పరుగెత్తింది. "వదినా, రండి! కుండలో ఏమీ లేదు!"

"ఉప్పయినా ఉందా?"

"పిండి ఉంది."

"వట్టి పిండికి పుషిరుం పిలిచిన మొదటి మహాతల్లివి నువ్వే!" అని జుల్మీరా వీధికి తిరిగి అరిచింది. "ఒరేయ్, గునపాలు తెండి! దీన్ని తర్వాత తిడదాం!"

తాటాకు కప్పు దించారు, పలకలు ఊడదీశారు. మట్టిపొయ్యి కోసం ఒస్వల్దీన మళ్లీ లోపలికి పోయింది. కింద నేల ఒరిగింది. జుల్మీరా ఆమెను జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చింది. పొయ్యి, వంటిల్లు, గట్టు కలిసి ఎర్రటి సుడిలోకి దిగిపోయాయి.

విప్పిన కర్రలతో వెనక్కి జరిగి కొత్త నిట్రాళ్లు పాతారు, కానీ వెనక నేల పల్లం. ప్రతి వరదా ఏటి అంచునే ఎక్కువ మట్టి దింపి అక్కడే మెరక చేసింది. వెనక్కి పోయిన కొద్దీ వచ్చే ఏడు ఇంట్లో నీళ్లే.

పొద్దు వాలుతుండగా ఏటి మీంచి కేక వినిపించింది. "ఒస్వల్దీనా! ఒసేయ్!" ఇల్లు లేని గట్టు చూసి ఫిర్మీనో గొంతు పగిలిపోతోంది.

"ఇక్కడున్నానయ్యా!"

అతను చేపలబుట్టతో వచ్చి కూలబడ్డాడు. "దిగువన, అవతలొడ్డున కొత్త ఇసుకమేట తేలింది. పడవ దానికెక్కి ఇరుక్కుపోయింది, లాక్కుని వచ్చేసరికి ఇంత పొద్దయింది."

"పోయినేడు కూలిన మీ అరటితోటే అయ్యుంటుంది," అంది జుల్మీరా. "సన్న బురద సముద్రం దాకా పోతుంది, ఇసుక మాత్రం దగ్గర్లోనే దిగుతుంది. పోయి చిక్కుళ్లు నాటుకోండి."

అందరూ నవ్వారు. చేపలు ఉడుకుతున్నాయి. ఒస్వల్దీన మాత్రం కొత్త నిట్రాడి పక్కన వంగి, బీట లేని నేల మీద అడ్డంగా ఒక పుల్ల పెట్టింది.