హాజరు పుస్తకంలో ఏడో పేరు

పోయిన బుధవారం మధ్యాహ్నం అన్నం తిని, ఇంటి ముందు మంచం వాల్చుకుని, కునుకు పట్టీ పట్టకముందే ఒక అమ్మాయి వచ్చి స్కూటీ ఆపింది. మా పాలెం పొదుపు సంఘాల లెక్కలన్నీ ట్యాబులో ఎక్కించే ఉద్యోగమట. చంకలో నాలుగు పాత హాజరు పుస్తకాలు. ఉప్పుగాలికి అట్టలు మెత్తబడిపోయి, అంచులు చెదలు తినేసి ఉన్నాయి. "ఈ రాత నీదేనంట గదా పెదనాన్నా, లీడరమ్మ చెప్పింది" అని ఒక పుస్తకం తెరిచి నా ఒళ్లో పెట్టింది. నా రాతే. ఐసు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు టోకెన్లు రాసిన చెయ్యి, ఎక్కడున్నా గుర్తుపడతాను. పది పేర్లు వరుసగా ఉన్నాయి. ఏడో పేరు మీద మాత్రం గీతలు, ఒకటి కాదు, నాలుగైదు, కాగితం చిరిగేటంతగా. "అన్నీ చదివినాను, ఇదొక్కటే కుదరలేదు. ఏం పేరు పెదనాన్నా ఇది?" అంది. నేను కళ్లజోడు కోసం జేబు తడుముకున్నాను. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. "రెండు రోజులు ఉంచమ్మా, చూసి చెప్తాను" అన్నాను. ముసలాయనకు చూపు ఆనడం లేదనుకుని ఆ పిల్ల పుస్తకం నా దగ్గరే వదిలి వెళ్లింది.

నిజానికి చూడాల్సిన పనేమీ లేదు. అది నా భార్య పేరు. చెప్పలేకపోవడానికి కారణం చిన్నదే, వింటే నవ్వుతారు. మా అమ్మ పేరూ ఆమె పేరూ ఒకటే. సంబంధం కుదిరిన రోజునే మా మేనత్త ముక్కున వేలేసుకుంది, అత్త పేరే కోడలికుంటే ఇంట్లో పిలిచేదెట్టా అని. పిలవకుండా ఉంటే సరి అని మా నాయన తీర్పు చెప్పాడు. ఆయన మాత్రం మా అమ్మను ఏనాడు పేరు పెట్టి పిలిచాడు గనక. "ఎవరక్కడ" అనేవాడు, వంటింట్లో పది మంది పనివాళ్లు ఉన్నట్టు. నేనూ అదే దారి పట్టాను. మొదట్లో "ఇదిగో" అనేవాణ్ని, పాప పుట్టాక "పాప వాళ్లమ్మా" అయింది. మా అమ్మ పోయాక అడ్డు తొలగిపోయింది గానీ, అప్పటికే నాలుక ఆ అలవాటులో బిగుసుకుపోయింది. తొమ్మిదేళ్ల కాపురంలో ఆమె పేరు నా నోటి నుంచి ఒక్కసారి కూడా రాలేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారు. పెళ్లాం పేరు పలక్కపోతే పెరగాలి మరి. మా ఇంట్లో ఆ లెక్క కుదరలేదు.

ఆమె ఎండుచేపల వ్యాపారం చేసేది. జువ్వలదిన్నె రేవులో సరుకు కొని, ఇసుక మీద ఎండబెట్టి, గంపకెత్తి సంగం ఊరి వైపు పల్లెలకు బస్సులో తీసుకుపోయేది. పంట చేతికొచ్చిన రోజుల్లో ఆ రైతుల ఇళ్లలో డబ్బులకు బదులు వడ్లు కొలిచేవాళ్లు. వాసనకు ముక్కు మూసుకున్న కండక్టరుకే దిగేలోపు అరకిలో ఎండు నెత్తళ్లు అంటగట్టిందని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. ఆ వ్యాపారానికి సంఘంలో అప్పు తీసుకుంది. తీసుకున్న ఏడాదే వానాకాలంలో జ్వరమొచ్చింది. నెల్లూరు ఆస్పత్రిలో పదకొండు రోజులు ఉంది, పన్నెండో రోజు లేదు. ఆస్పత్రి ఖర్చు మా ఫ్యాక్టరీ యజమాని పెట్టి, నెలనెలా జీతంలో పట్టుకున్నాడు. సంఘం అప్పు అలాగే మిగిలింది. బీమా కట్టి ఉంటే అది దాంతోనే తీరిపోయేదట. ఆ బీమా డబ్బు కట్టి రమ్మని ఆమె నా చేతికే ఇచ్చింది. వచ్చే నెల కట్టొచ్చులే అని నేను వంటింటికి రేకులు వేయించాను. ఆ రేకులు ఇప్పటికీ ఉన్నాయి. వాన పడితే బాగా చప్పుడు చేస్తాయి.

పెద్దదినం దాకా ఇల్లు నిండా జనం. ఆ తర్వాత ఒక్కరూ రాలేదు. ఎక్కడ చేబదులు అడుగుతానో అని చుట్టాలు మొహం చాటేశారు. వాళ్లను అనడానికీ లేదు, వాళ్ల చోట ఉంటే నేనైనా అంతే చేసేవాణ్ని. నేనూ, ఏడేళ్ల పాపా మిగిలాం. సాయంత్రం వచ్చి అన్నం వండితే ఒక రోజు జావ, ఒక రోజు పలుకు. పాప నోరెత్తకుండా తినేది. ఇంట్లో మాటలన్నీ ఆమెవేనని, మేమిద్దరం ఇన్నాళ్లూ వింటూ ఉన్నవాళ్లమేనని అప్పుడు తెలిసింది. "ఎన్ని దిమ్మలు?" అని ఫ్యాక్టరీకి వచ్చినవాళ్లను అడగడం తప్ప పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా ఇంకో మాట మాట్లాడని రోజులున్నాయి. చచ్చిపోదామనీ అనిపించింది, దాచడమెందుకు. పాపకు జడెవరు వేస్తారన్న ఆలోచన ప్రతిసారీ అడ్డమొచ్చేది. నేను వేసింది జడలా ఉండేదని కాదు. వల ముడి తప్ప నాకు ఇంకో ముడి రాదు. సాయంత్రం విప్పాలంటే ఒక్కోసారి కత్తెర కావాల్సి వచ్చేది.

నెల తిరిగాక సంఘం లీడరక్క కబురు పెట్టింది, మంగళవారం సాయంత్రం వచ్చి వాయిదా కట్టి పొమ్మని. తుపాను షెల్టరు వరండాలో చాప పరుచుకుని కూర్చునేవాళ్లు. తొమ్మిది మంది ఆడవాళ్ల ముందు నేనొక్కణ్ని, పంచె సర్దుకుంటూ, పాపను పక్కన పెట్టుకుని ఒక మూలన కూర్చున్నాను. లీడరక్కకు చదువు రాదు. చేపలమ్మి చేపలమ్మి గొంతు బొంగురుపోయిన మనిషి. పది పేర్లూ వరుసగా నోటికి వచ్చు. ఒక్కో పేరూ పిలుస్తుంటే ఒక్కొక్కరూ "వచ్చినాను" అంటున్నారు. ఆరు పేర్లయ్యాక అలవాటు కొద్దీ ఏడోది కూడా పిలిచేసింది. పిలిచి నాలిక కరుచుకుంది. ఆస్పత్రిలో నర్సు చీటీ చూసి పిలిచిందే ఆఖరు, ఆ తర్వాత ఆ పేరు నా చెవిన పడలేదు. నేను "వచ్చినాను" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లీడరక్క గొంతు సవరించుకుని ఎనిమిదో పేరుకు పోయింది.

ఆ తర్వాత అదే ఆనవాయితీ అయింది. అప్పు ఆమె పేరు మీద ఉంది కాబట్టి పుస్తకంలో పేరు ఉండాల్సిందే. పేరుంది కాబట్టి పిలవాల్సిందే. కొన్నాళ్లకు పుస్తకాలు రాసే పిల్ల పెళ్లి చేసుకుని వెళ్లిపోతే ఆ పని కూడా నాకే అంటగట్టారు. "మొగోడి రాతైనా గుండ్రంగానే ఉండాది" అని మెచ్చుకున్నారు. "మహిళా సభ్యులమైన మేమందరం" అని తీర్మానాలు రాసింది నేనే. "ఈ పండక్కి నీకూ చీర పెట్టాలన్నా, వంకాయ రంగుదా, చిలకపచ్చదా?" అని ఆటపట్టించేవాళ్లు. వరుసలో పదో పేరు గల ఆమె పాపను ఒళ్లోకి లాక్కుని, నా వలముళ్లు ఒక్కొక్కటీ విప్పి, కొబ్బరినూనె రాసి రెండు జడలు వేసేది. "తలకాయా ఇది, చేపల బుట్టా?" అనేది నా వైపు చూసి. బుధవారం పాప ఆ జడలతోనే బడికి పోయేది. గురువారం కూడా విప్పనిచ్చేది కాదు. మిగతా ఆరు రోజులూ ఆ ఒక్క రోజు కోసం ఈదుకొచ్చేవాళ్లం. అప్పు కట్టడానికి ఇంత సంబరంగా పోయేవాణ్ని నిన్నే చూశానని మా యజమాని నవ్వేవాడు. పేరు పిలిచే ఆ ఒక్క క్షణం కోసం పోతున్నానని ఆయనకేం తెలుసు.

మూడేళ్లకు అప్పు దాదాపు కరిగిపోయింది. లెక్క రాసేది నేనే గనక ఆ సంగతి అందరికన్నా ముందు నాకే తెలిసింది. ఇంకా రెండు వాయిదాలు. అవి కట్టేస్తే పేరు కొట్టేయాలి, మగవాడికి సంఘంలో చోటు లేదు. ఆ రెండు వాయిదాల డబ్బు నా దగ్గర ఉంది. కవర్లో చుట్టి బియ్యం డబ్బా అడుగున పెట్టాను. అది వేట నిషేధం కాలం. రెండు నెలలు పడవలు కదలవు, పడవలు కదలకపోతే ఐసు ఎవరికీ అక్కర్లేదు, ఫ్యాక్టరీలో సగం జీతమే. అందుకని "ఈ వారం కుదరలేదక్కా" అంటే ఎవరూ అనుమానించలేదు. ఒక్క వారమే అనుకున్నాను. ఐదు మంగళవారాలు అలా దాటించాను. అప్పు ఎగ్గొట్టేవాళ్లను చాలామందిని చూశాను గానీ, తీరిపోతుందని భయపడి డబ్బు దాచినవాణ్ని నన్ను తప్ప ఇంకొకణ్ని చూడలేదు. నా బాకీ తీరితే గానీ బ్యాంకు సంఘానికి కొత్త అప్పు ఇవ్వదని నాకు తెలుసు. వేట మొదలయ్యేలోగా ఆ డబ్బు చేతికి రాకపోతే ఆ తొమ్మిది మందికీ సరుకు కొనే దారి లేదనీ తెలుసు. తెలిసే చేశాను.

ఆరో మంగళవారం హాజరయ్యాక లీడరక్క కొంగుముడి విప్పి నోట్లు చాప మీద పెట్టింది. పదులు, ఇరవైలు, కాస్త చిల్లర. "నీ రెండు వాయిదాలూ మేమే తలా కొంచెం వేసుకున్నామన్నా. మూడేళ్లు నీతిగా కట్టినావు. కడాన నీకు ఇబ్బందొస్తే చూస్తా ఊరుకుంటామా? ఇంగ నువ్వీడికి రావాల్సిన పన్లేదు. ఆయమ్మ అప్పు తీరిపోయింది, నిమ్మళంగా ఉండు" అంది. వేట లేని రోజులు. ఆ ఇళ్లలో చేపల పులుసు వాసన వచ్చి నెల దాటింది. పదో పేరు ఆమె గుడ్లు పెట్టే కోళ్లు రెండు అమ్మి తన వంతు ఇచ్చిందని పక్కామె గొప్పగా చెప్పింది. "అవి గుడ్లు మానేసి శానా నాళ్లయిందిలే, చెప్పబాక" అని ఆమె పాప జడ అల్లుతూ అబద్ధమాడింది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్లు ఇంకోలా అనుకుని మొహాలు పక్కకు తిప్పుకున్నారు. అప్పుడు పాప, జడ పాడవుతుందని తల కదపకుండానే, "నాయనా, బియ్యం డబ్బాలో దుడ్లుండాయి గదా, కవర్లో" అంది. నేను మరిచిపోయానేమో, గుర్తు చేద్దామన్న గొంతు.

జడ అల్లే చేతులు ఆగిపోయాయి. లీడరక్క నా మొహంలోకి చూసింది. "ఉండాయా అన్నా?" అని అడిగింది.

"ఉండాయక్కా."

"మరెందుకట్టా చేసినావు?"

చెప్పొచ్చు. పేరు వినడానికి అంటే రెండు ముక్కల్లో అయిపోయేది. కానీ బతికున్నన్నాళ్లూ ఒక్కసారి పేరు పెట్టి పిలవనివాణ్ని, పోయాక ఆ పేరు కోసం మీ కోళ్లు అమ్మించానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. పదో పేరు ఆమె సగం అల్లిన జడకు రబ్బరు వేసి, పాపను మెల్లగా పక్కకు జరిపి, లేచి వెళ్లిపోయింది.

ఇంటికి పోయి కవరు తెచ్చి చాప మీద పెట్టాను. లీడరక్క ఎవరి డబ్బు వాళ్లకు తిరిగిచ్చి పుస్తకం నా ముందుకు తోసింది. రాసేది నేనే కాబట్టి కొట్టేయాల్సిందీ నేనే. ఒక గీత చాలు. మొదటి గీత వంకరపోయింది, దాని మీద ఇంకొకటి గీశాను, ఆ తర్వాత చెయ్యి ఆగలేదు.

మళ్లీ ఆ వరండా ఎక్కలేదు. వేట మొదలైన పది రోజులకు గానీ వాళ్లకు బ్యాంకు డబ్బు రాలేదని తర్వాత విన్నాను. దారిలో ఎదురైతే లీడరక్క "బాగుండావా అన్నా" అంటుంది గానీ నిలబడదు. నేను దుడ్లు దాచుకుని ఆడవాళ్ల చేత అప్పు కట్టించుకోబోయినవాణ్నని పాలెమంతా అనుకుంది. ఆ నెలలోనే పాపకు క్రాపు కొట్టించాను, పేలు పడ్డాయని చెప్పి. పేలు లేవు. పాప అద్దంలో చూసుకుని ఏడవలేదు, మంగళవారం ఎప్పుడని కూడా అడగలేదు. ఇప్పుడు తడ దగ్గర కంపెనీలో పని చేస్తూ హాస్టల్లో ఉంటోంది. ఆదివారం ఫోన్ చేసి తిన్నావా అంటుంది, తిన్నానంటాను. అంతకు మించి మాట్లాడుకోవడం మా ఇద్దరికీ ఇప్పటికీ చేతకాలేదు. ఒక్కసారి మాత్రం, "ఆ రోజు నేను చెప్పకుండా ఉండాల్సింది నాయనా" అంది. "నిజమే గదమ్మా నువ్వు చెప్పింది" అన్నాను. వెనక హాస్టలు ఫ్యాను చప్పుడు వినిపించింది.

శుక్రవారం ఆ స్కూటీ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈ రెండు రోజులూ నేను ప్రయత్నించకపోలేదు. ఇంట్లో వినేవాళ్లెవరూ లేరు, అడ్డు చెప్పే మా మేనత్త కూడా ఎప్పుడో పోయింది. వంటింట్లో నిలబడి, ఆమె గంప పెట్టుకునే మూల వైపు తిరిగి నోరు తెరిచాను. పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. చివరికి ఒక పాత టోకెను వెనక రాసి పెట్టాను. అదే ఇచ్చాను. ఆ పిల్ల కాగితం కళ్ల దగ్గరికి తెచ్చుకుని పేరు గట్టిగా చదివింది.

"వచ్చినాను" అన్నాను.

ఆ పిల్ల ముందు బిత్తరపోయి, తర్వాత నవ్వింది. "నిన్ను కాదు పెదనాన్నా, పుస్తకంలో పేరు చదివినాను" అంది. ట్యాబులో ఏదో వెతుక్కుని, "కొట్టేసిన పేర్లు ఎక్కించాల్సిన పన్లేదంట, నేనే చూసుకోలేదు. నీకు ఊరికే శ్రమ పెట్టినాను" అని కాగితం నా చేతిలో పెట్టి, పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది.

వచ్చే నెల కట్టొచ్చులే, రేపు పిలవొచ్చులే అన్నట్టు గడిపిన ఆ తొమ్మిదేళ్లు ఎటుపోయాయో తెలియలేదు. మిగిలిన కాలం మాత్రం వారానికొక మంగళవారం చొప్పున వస్తూనే ఉంది.