మెట్ల లైటుకు రెండో స్విచ్చు

అమ్మ మెట్ల మధ్యలో ఉండగా లైటు ఆరిపోయింది. అప్పటికింకా సాయంత్రమే. అయినా చిత్తూరులో మేమున్న ఇంట్లో మిద్దె మెట్లకు రెండు పక్కలా గోడలే, కిటికీ లేదు. పట్టపగలు కూడా అక్కడ చీకటే. ఎండిన వడియాలను చేటలో పెట్టుకుని దిగుతున్న అమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. కరెంటు పోయిందనుకుంది. ఆ రోజుల్లో అది పోవడానికి వేళాపాళా ఉండేది కాదు. కానీ ముందుగదిలో రేడియో మోగుతూనే ఉంది.

"లైటు ఏసినాలే, దిగు," అన్నాడు నాయన కింద నుంచి.

అమ్మ కాలితో ఒక్కో మెట్టునే వెతుక్కుంటూ దిగింది. నేను ముందుగదిలోంచి వచ్చేసరికి నాయన స్విచ్చు మీద వేలు అలాగే ఉంచి నిలబడి ఉన్నాడు. అమ్మ ఆయన ఎదురుగా నిలబడి, బల్బు చూడమంది. నాయన తలెత్తాడు. సరిగ్గా బల్బు ఉన్న వైపే ఎత్తాడు.

"సూస్తానే ఉండా. ఎలగతా ఉండాది కదా," అన్నాడు.

వెలగడం లేదు. అమ్మ ఆ మాటే అంది. స్విచ్చు మీది చెయ్యి తీసి పంచెకు తుడుచుకున్నాడు. ఒక్క మాట అన్నాడు.

"మండీలో ఎవురికీ తెలీకూడదు."

నాయనకు బెల్లం మండీలో వాటా ఉండేది. లెక్కలు భాగస్తుడు చూసుకునేవాడు. రైతు బండిలోంచి దించిన బెల్లాన్ని చూసి, అది ఏ రకమో చెప్పడం నాయన పని. ఆయన చెప్పిన రకాన్ని బట్టే వేలంపాట మొదలయ్యేది. ఆ మాటకున్న విలువే మండీలో ఆయన చోటు.

రెండో స్విచ్చు పెట్టించి అప్పటికి వారం కూడా కాలేదు. అంతకుముందు మెట్ల లైటుకు కింద ఒక్కటే స్విచ్చు ఉండేది. కింద వేసుకుని మిద్దెక్కితే ఆర్పడానికి మళ్లీ దిగిరావాలి. మిద్దె మీద ఉండగా పొద్దుపోతే చీకట్లోనే దిగాలి. పైన కూడా ఒక స్విచ్చు పెట్టించమని అమ్మ ఏళ్ల తరబడి అడిగింది. చివరికి నగరి నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడిన వైరింగు పనివాణ్ణి నేనే పిలుచుకొచ్చాను. అతను గోడకు టేకు పట్టీలు కొట్టి, వాటి మీద వైర్లు లాగి, కింది స్విచ్చును కూడా మార్చాడు. పని అయ్యాక మమ్మల్ని నిలబెట్టి, సగం అరవం కలిసిన తెలుగులో వివరించాడు. రెండు స్విచ్చుల మధ్యా రెండు వైర్లు పోతాయి. రెండూ ఒకే వైరు మీదికి వస్తే బల్బు వెలుగుతుంది, చెరొక దాని మీద ఉంటే ఆరిపోతుంది.

"ఇంక కిందికి నొక్కితే ఎలుగు, పైకయితే సీకటి అనే లెక్క లేదు. బల్బును సూసి నొక్కుకోండి," అన్నాడు.

కుర్చీలో కూర్చున్న నాయన, చూడకుండా తెలుసుకునే దారి ఏదీ లేదా అని అడిగాడు.

"సూడకుండా ఉండేదానికి లైటెందుకు పెద్దాయనా?" అన్నాడు పనివాడు. అందరం నవ్వాం. నాయన కూడా నవ్వాడు.

అప్పటిదాకా ఆయన చూపుడువేలే ఆయనకు కన్ను. స్విచ్చు కిందికి ఉంటే ఇంట్లో వెలుతురున్నట్టు, పైకుంటే లేనట్టు. ఆ సాయంత్రం అమ్మ దిగుతున్న చప్పుడు విని, వెలుతురు ఇద్దామనే కిందికి నొక్కాడు. అమ్మ పైన వేసుకున్న లైటు ఆరిపోయింది.

అది తెలిశాక మిగతావి ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చాయి. నేను అప్పుడు ఒక దినపత్రికకు ఊరి వార్తలు రాసేవాణ్ణి. నాయన పొద్దున్నే పేపరు నా చేతికే ఇచ్చి, నా గొంతుతో వింటేనే బాగుంటుందనేవాడు. కొడుకు రాసినదన్న మురిపెమనుకున్నాను. మండీలో బెల్లాన్ని గోటితో గీరి, వాసన చూసి, పలుకు నాలుక మీద వేసుకుని రకం చెప్పేవాడు. ఆయనకు కంటితో పనేముందని రైతులు మెచ్చుకునేవాళ్లు.

మద్రాసు తీసుకుపోయి కంటి డాక్టరుకు చూపించాం. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయిందని, చూపు అంచుల నుంచి మూసుకుపోతూ వచ్చిందని ఆయన చెప్పాడు. పగటి వెలుగులో ఎదుటి మనిషి ఆకారం తెలుస్తుంది, అంతే. నాయన ఒక్కటే అడిగాడు. మొత్తం చూపు అక్కర్లేదు, రంగు తెలిసేంత వస్తే చాలన్నాడు. పోయింది రాదని, ఉన్న కాస్తా నిలవడానికి చుక్కల మందు వేసుకోమని డాక్టరు రాసిచ్చాడు.

ఇంటికొచ్చాక అమ్మ, ఆ పనివాణ్ణి పిలిపించి పాత స్విచ్చే పెట్టిస్తానంది. వేలికైనా తెలుస్తుందని ఆమె ఆశ.

"తెలిసి ఏం సేసేది?" అన్నాడు నాయన. ఆ తర్వాత ఇంట్లో ఏ స్విచ్చునూ ముట్టుకోలేదు.

మండీకి మాత్రం పోతూనే ఉన్నాడు. అయితే అప్పటికి బెల్లం తీరు మారుతోంది. పాకంలో మందు కలిపి తెల్లగా చేస్తున్నారు. బయటి ఊళ్ల వ్యాపారులు తెలుపు చూసే ధర పెడుతున్నారు. మొదటి రకమంటే ఇప్పుడు తెల్లదే. రుచి ఎవరికీ పట్టడం లేదు. నాలుకకు తెలుపు తెలియదు.

కొత్త బెల్లం వచ్చే రోజుల్లో, ధరలు రాసుకుందామని ఒక పొద్దున మండీకి వెళ్లాను. నాయనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ఒక రైతు బండిలోంచి బెల్లం దింపించాడు. మందు వెయ్యని బెల్లం, పాత చింతపండులా నల్లగా ఉంది. నాయన పలుకు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, "తెల్ల బెల్లం, మొదటి రకం," అని గట్టిగా చెప్పాడు.

వ్యాపారులు గొల్లున నవ్వారు. రైతు నవ్వలేదు.

"ఏమప్పా, నా బెల్లాన్ని ఎగతాళి సేస్తావా? ఇంతమందిలోనా?"

నాయన ముఖం అటూ ఇటూ తిరిగింది. కళ్లు కనబడవని చెప్పడానికి అదే సమయం. నేను ఆయన పక్కకు పోయి చెయ్యి పట్టుకున్నాను. ఆయన నా చెయ్యి గట్టిగా నొక్కి, వదిలించుకున్నాడు.

"ఊరికే అన్నాలేబ్బా," అన్నాడు.

రైతు బెల్లాన్ని మళ్లీ బండికెత్తించుకుని ఇంకో మండీకి పోయాడు. నాయన ఆ రోజు ఇల్లు చేరి, మళ్లీ మండీ మెట్లెక్కలేదు. మోకాళ్లు పట్టేశాయని చెప్పమని నన్నే భాగస్తుడి దగ్గరికి పంపాడు. భాగస్తుడు తైలం పంపాడు. ఆ తర్వాత కూడా పంపుతూనే ఉన్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా మోకాళ్ల సంగతే అడిగేవాళ్లు. నాయన పంచె పైకి లాగి, మోకాలు చూపించి, ఎక్కడ నొప్పో చెప్పేవాడు.

ఆయన పోయిన నాడు మండీ మూసేసి అందరూ వచ్చారు. ఆ రైతు రాలేదు. ఆ పొద్దున జరిగింది ఎగతాళి కాదని ఆ రైతుకు ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు.