కసువు తెలియని డిటెక్టివు

ఈ ఉదయం కొత్త చింతపండు పొట్లం విప్పగానే ఆ పులుపూ తీపీ కలిసిన వాసనకు అశ్వత్థప్పగారు గుర్తుకొచ్చారు. హిందూపురంలో ఆయన పగలంతా చింతపండు మండీలో గుమాస్తా. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, హత్యలు చేయడానికి కూర్చునేవారు. కాగితం మీదే లెండి. ఆయన రాసిన అపరాధ పరిశోధక నవలలు ఆ రోజుల్లో రైలు ప్రయాణికుల చేతుల్లో నలిగి నలిగి చిరిగిపోయాయి. ఇప్పుడు వెతికినా ఒక్కటీ దొరకదు. ఆయన్ని ఎరిగినవాళ్లం కూడా తగ్గిపోతున్నాం కనుక నాకు గుర్తున్నంత రాసి పెడుతున్నాను.

నేను తెనాలి వైపు పిల్లను. యుద్ధం మొదలైన రోజుల్లో పెళ్లయి హిందూపురం వచ్చాను. మావారు అక్కడ బడిపంతులు, అశ్వత్థప్పగారిది మా పక్కిల్లు. తెలుగు ఊరే కదా అని ధీమాగా వచ్చిన నాకు వారం తిరక్కుండానే నోరు పడిపోయింది. అంగడివాడు ఎర్రగడ్డలు కావాలా అంటే వద్దని, ఉల్లిపాయలు లేవా అని అడిగాను. రెండూ ఒకటేనని వాడు నవ్వాడు, పక్కనున్నవాళ్లూ నవ్వారు. అది మొదలు, నేను మాట్లాడటం తగ్గించి పుస్తకాలు పట్టుకున్నాను. నేను డిటెక్టివ్ నవలలు చదువుతానని తెలిసి అశ్వత్థప్పగారు ఒకరోజు చేతిరాత ప్రతి తెచ్చి మా అరుగు మీద పెట్టారు.

"చదువమ్మా. కడాకు పోకముందే ఎవురు చేసినారో చెప్పల్ల నువ్వు," అన్నారు.

"చివరి అధ్యాయం లేదేమిటి బాబాయిగారూ?"

"అది నా తావ ఉండాది. ముందు రాసేది అదే. తక్కినవన్నీ దాని ఎనకాల రాస్తా."

ఆయన పద్ధతి అది. ముగింపు ముందు రాసి ట్రంకులో పెట్టి, దానికి దారి తర్వాత వేసేవారు. ఆ దారిలో ఏదీ దాచకూడదని ఆయన పట్టుదల. ఆధారమంతా చదివేవాడి కళ్ల ముందే ఉండాలి, అయినా వాడు గమనించకుండా దాటి పోవాలి. చివర్లో ఎక్కడి నుంచో ఒక కవల తమ్ముణ్ణి దించే రచయితల పేరెత్తితే ఆయనకు ఒళ్లు మండిపోయేది. "అది కత కాదు, మోసం," అని ముఖం తిప్పుకునేవారు.

చూడనిది రాసేవారు కాదు. ఒకసారి చీర కొనడానికి నేనూ మావారూ ధర్మవరం వెళ్తుంటే ఆయనా మాతో రైలెక్కారు. పెనుకొండ దాటేదాకా కిటికీలోంచి కొండ మీది కోటగోడనే చూస్తూ కూర్చున్నారు, అక్కడ ఎవర్ని చంపాలని ఆలోచిస్తున్నారో ఏమో. ధర్మవరంలో మేం చీరలు చూస్తుంటే ఆయన నేతగాణ్ణి బతిమాలి లేపి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నారు. ఎంతకీ లేవరు.

"ఏమప్పా, నేస్తావా, నిద్రపోతావా?" అన్నాడు నేతగాడు.

"ఉండబ్బా. ఈడ కూచుంటే వాకిట్లో వచ్చేటోళ్ల మొగం కనపడ్లేదు. కాళ్లే కనపడతాండాయి."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలోని సంతోషం నేను మరిచిపోలేను. నేను బేరమాడి తెచ్చుకున్న చీర కంటే ఎక్కువ సంపాదించినట్టు తిరిగొచ్చారు ఆయన.

ఆ గుంటలోంచి పుట్టిన నవలే ఇప్పుడు చెప్పబోయేది. ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి మగ్గం ఇంట్లో హత్యకు గురవుతాడు. హంతకుడి ఉంగరంలో రాయి ఊడి అక్కడే పడుతుంది. అది ఏమైందన్నదే కథకు ఆయువుపట్టు. ఆ ఇంటి అవ్వ డిటెక్టివుతో, "పొద్దున లేస్తూనే కసువెత్తి దిబ్బలో పోసొస్తి," అంటుంది. అంతే, ఒక్క వాక్యం.

నేను ప్రతి చదివి, పరుగున వెళ్లి, "హంతకురాలు అవ్వే," అన్నాను.

ఆయన కళ్లజోడు తీశారు. "ఎట్ల?"

"ఆ ఇంట్లో పశువే లేదు కదండీ. మరి దిబ్బలో పోయడానికి గడ్డి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? అబద్ధం చెబుతోంది."

"గడ్డా? నా కతలో గడ్డి యాడుండాదమ్మా?"

నేను వాక్యం చూపించాను. మేం చెత్త అనేదాన్ని వాళ్లు కసువంటారని, ఇల్లు ఊడ్చిన చెత్తతో పాటు ఆ ఉంగరం రాయి దిబ్బలోకి పోయిందని నాకేం తెలుసు? నాకు కసువంటే బళ్లో పద్యాల్లో చదువుకున్న గడ్డే. ఆయన భార్య గంగమ్మగారు లోపల్నుంచి విని పకపకా నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "నీకు తెల్వని మాటలో ఆధారం పెట్టినానంటే, నేనూ మోసం చేసినట్లే గదా," అన్నారు మెల్లగా. ఆ సాయంత్రం ఆయన ఒక్క ముక్క రాయలేదు.

ఎటూ తేల్చుకోలేక చివరికి ఉన్నది ఉన్నట్టే మద్రాసు పంపారు. ప్రూఫులు వచ్చాయి. ప్రకాశకులు సాయం చేద్దామనే అనుకున్నారేమో, అవ్వ వాక్యాన్ని "గడ్డి ఎత్తి దిబ్బలో పోసి వచ్చాను" అని దిద్దారు. నాలాంటివాళ్లే మరొకరు అక్కడ ఉన్నారన్నమాట. కథ మొత్తం కూలిపోయింది. పైగా యుద్ధంతో కాగితం కరువు రోజులు. వెంటనే సరే అనకపోతే ఆ కాగితం ఇంకో పుస్తకానికి వెళ్లిపోతుందని కబురు. రెండేళ్ల కష్టం ఆయనది. చెత్త అని మారిస్తే పనైపోతుంది కదా అన్నారు మావారు. "మా అవ్వ చెత్త అనదు సార్. అంటే ఆమె మా అవ్వ కాదు," అన్నారు అశ్వత్థప్పగారు.

మర్నాడు మండీకి వెళ్లకుండా మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు.

"అమ్మా, నీ తప్పు నాకిస్తావా?"

నాకు అర్థం కాలేదు.

"నా డిటెక్టివును మీ తెనాలి పక్కోణ్ణి చేస్తా. ఆడు గూడా గడ్డే అనుకుంటాడు. అవ్వను పట్టుకుంటాడు. మరుసట్నాడు ఆమె కోడలు ఇల్లు ఊడ్చి కసువెత్తేది చూస్తాడు. ఈడోళ్లకు ముందే తెలుస్తాది, మీ తట్టు వాళ్లకు ఆనితో పాటే తెలుస్తాది. ఎవురికీ మోసం లేదు."

ఎన్నాళ్లుగానో ఆ ఊళ్లో నవ్వులపాలవుతున్న నా అజ్ఞానాన్ని ఒక మనిషి చేయి చాచి అడుగుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. తల మాత్రం ఊపాను. ఆయన రాస్తూ పోతే నేను పక్కనే కూర్చుని సాపు ప్రతి తీశాను. టపా బండి వెళ్లేలోగా పంపగలిగాం. ప్రకాశకులు ఈసారి ఒక్క అక్షరం కదిలించలేదు.

పుస్తకం వచ్చాక మా నాన్నగారు మమ్మల్ని చూడటానికి హిందూపురం వచ్చారు. మధ్యాహ్నం భోజనం చేసి, నవల మొత్తం చదివి, అశ్వత్థప్పగారి ఎదుటే, "కథ బాగుందండీ. ఆ డిటెక్టివే వట్టి వెర్రివాడు," అన్నారు. అది ఎవరి తప్పో నాన్నగారికి తెలియదు. నేను గుమ్మం వెనక తలవంచుకుని నిలబడ్డాను.

"వెర్రోడు కాదు సార్," అన్నారు అశ్వత్థప్పగారు. "ఆ యవ్వ చెప్పింది అంత శ్రద్ధగా ఇన్నోడు ఆడొక్కడే. ఆ మాట ఆనికి తెల్వదు, అంతే."

ఆ సాయంత్రం అంగడికి నేనే వెళ్లాను. తెలియని ప్రతి మాటకూ ఆగి అర్థం అడిగాను. వాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత నేనూ కథలు రాశాను, ఇన్నేళ్లుగా రాస్తూనే ఉన్నాను. వాటిలో తెలివితక్కువవాళ్లు చాలామందే ఉన్నారు కానీ, వాళ్లకు ఏ మాట తెలియలేదో కనుక్కోకుండా ఒక్కణ్ణీ వెర్రివాడని రాయలేదు.