పిన్నీసు పెట్టిన పేజీ

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా టీచరు లైబ్రరీ పుస్తకం ఒకటి చేతిలో పెట్టి, "రోజూ మీ తమ్ముడికి పైకి చదివి వినిపించు. ఒకటో తరగతికి వచ్చేసరికి వాడికి చదవడం పట్టుబడుతుంది" అన్నారు. వాడికి అప్పుడు ఐదేళ్లు. నేను గొప్పగా సరేనన్నాను. అంత గొప్పకు పోకుండా ఉండాల్సింది.

మాది ఉద్దానంలో సముద్రం ఒడ్డు ఊరు. పుస్తకంలోదీ చేపల పడవ కథే. ఆరో పేజీలో గాలివాన వచ్చి పడవ మునుగుతుంది. మొదటిరోజు అక్కడిదాకా చదివానో లేదో, వాకిట్లో చేపలు ఆరబెడుతున్న నానమ్మ వచ్చి పుస్తకం లాక్కుంది.

"మీ బాబు సముద్రంలో ఉన్నాడు. ఆ మాటలు ఇంట్లో అంతారేటే గుంటా?"

నాన్న ఇంట్లో ఉన్నప్పుడు చదువుతానన్నాను. ఇంట్లో ఉంటే ఆయన నిద్రపోతుంటాడు, పైకి చదవకూడదట. మరి ఎప్పుడు చదవాలి? నానమ్మ గాజుకున్న పిన్నీసు తీసి ఆరు, ఏడు పేజీలు కలిపి గుచ్చేసింది. లైబ్రరీ పుస్తకానికి చిల్లులు పడ్డాయి. నాకు ఏడుపొచ్చింది.

ఇక అప్పటినుంచి తమ్ముడు నా ప్రాణం తోడేశాడు. ఐదో పేజీలో పడవ బయలుదేరుతుంది. ఎనిమిదో పేజీలో అందరూ ఇసుకలో కూర్చుని వణుకుతూ గంజి తాగుతుంటారు.

"మద్దెలో ఏటయ్యింది అప్పా?"

"ఏటీ అవలేదు."

"మరెందుకు వణుకుతున్నారు?"

"సలేసింది."

మిగతా పేజీల గొడవే వాడికి పట్టదు. అక్షరం మీద వేలు పెట్టమంటే గోడ మీద బల్లిని చూసేవాడు. నెలల తరబడి అరిచి అరిచి నా గొంతు పోయింది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేసి అలిసి వచ్చిన అమ్మ, "ఆడికి సదువొస్తందా?" అని అడిగితే ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం మంచినీళ్ల టిన్ను మోసుకుని వస్తున్నాను. ముందురోజు వెళ్లిన పడవలన్నీ వచ్చేశాయి, నాన్నది తప్ప. దాని గురించి ఇంట్లో ఎవరం మాట్లాడటం లేదు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపలినుంచి వాడి గొంతు వినిపించింది.

"ప... డ... వ. ము... ని... గిం... ది."

పిన్నీసు తీసేసి, వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతున్నాడు. వాడు తనంతట తాను చదివిన మొదటి మాటలు అవి. నానమ్మ పరుగున వచ్చి వాడి నోరు నొక్కేసింది. ఇన్ని నెలలు ఈ రోజు కోసం ఎదురుచూసిన నేనేం చేశాను? టిన్ను కింద పడేసి వాడి వీపు మీద ఒక్కటిచ్చాను.

"ఆ మాటే దొరికిందేటిరా నీకు?"

సాయంత్రానికి నాన్న పడవ వచ్చింది. ఇంజిన్ పాడై ఆలస్యమైందట, అంతే. తమ్ముడు పుస్తకం చంకలో పెట్టుకుని ఒడ్డుకు పరిగెత్తాడు, వెనక నేను. ఇసుకలో నిలబడి పిన్నీసు పెట్టిన ఆ రెండు పేజీలూ కూడబలుక్కుంటూ నాన్నకు చదివి వినిపించాడు. చదువురాని మా నాన్న వల పక్కన పెట్టి కదలకుండా విన్నాడు.

"తరవాతేటయ్యింది?" అని అడిగాడు.

వాడు పేజీ తిప్పి చూశాడు.

"ఇది నాకు రాదు నాన్నా. అప్ప సదువుతాది" అంటూ పుస్తకం నాకు అందించాడు. చొక్కా లేని వాడి వీపు మీద నా వేళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

ఎనిమిదో పేజీ నాకు కంఠతా వచ్చు. అయినా వాడి వేలు పట్టుకుని మొదటి అక్షరం మీద పెట్టి, మెల్లగా చదవడం మొదలుపెట్టాను.